ఆంగ్లపదార్జనము: నిర్వచనమును ఉదాహరణవాక్యమును

పరభాష నభ్యసించువాడు ఆ భాషయందలి పదములను స్వాధీనము చేసికొనుటకు అవలంబించు మార్గములు పెక్కులు గలవు. వానిలో, పదమునకు జెప్పబడిన నిర్వచనమును మొదట చదివి, పిమ్మట ఆ పదము ప్రయుక్తమైన ఒకటి రెండు వాక్యములను పరిశీలించి, అర్థమును ప్రయోగరీతిని ఏకకాలమున గ్రహించు పద్ధతి ఆంగ్లభాషావిషయమున నేడు సర్వత్ర వ్యాప్తమై యున్నది. నిఘంటువు పుటను తెరచినంతనే వివరణము ముందును, దాని వెంట ఇటాలిక్ అక్షరములలో వాక్యమును కన్పట్టుట మనకు మిక్కిలి సహజముగా తోచును. కాని ఆ రెండింటిని అన్యభాషీయుడైన విద్యార్థి యవసరమునకు తగినట్లు జతపరచుటకు ఆంగ్లేయులకు మూడు శతాబ్దులకు పైగా కాలము పట్టినది. ఆ పని లండను నగరమున కూర్చున్న పండితులచేత గాక, ఢాకాయందును జపానుదేశమునందును తరగతిగదులలో నిలిచి ఆంగ్లేయేతర బాలురకు పాఠములు చెప్పిన ఉపాధ్యాయులచేత సాధింపబడినదనుట ఈ విషయచరిత్రలో ముఖ్యాంశము.

పదజ్ఞాన స్వరూపము

ఒక పదము తెలిసినదనగా నేమి? అర్థమడిగిన జెప్పగలుగుట యని సామాన్యముగా తలంతురు. కాని అది పదజ్ఞానమున ఒక పాలు మాత్రమే. ఆ పదము ఏ పదములతో పొత్తు గలుపును, ఏ పదములను చేరనీయదు, దాని వెనుక ఏ విభక్త్యర్థకావ్యయము రావలెను, అది సభలో పలుకదగినదా, వీధిలో పలుకదగినదా, మెచ్చుకోలునకు వచ్చునా, ఎత్తిపొడుపునకు వచ్చునా అను విషయములన్నియు తెలిసిన గాని దానిని నిస్సంకోచముగా నోటికిని లేఖినికిని తెచ్చుకొనలేము. ఆంగ్లమున చిక్కని తేనీటిని ‘స్ట్రాంగ్ టీ’ యందురే కాని ‘పవర్‌ఫుల్ టీ’ యనరు. మోటారుకారు విషయమున ‘పవర్‌ఫుల్’ అనుటయే వాడుక. ఈ రెండు విశేషణములకును నిఘంటువులలో గల నిర్వచనములను ఎంత సూక్ష్మముగా పోల్చి చూచినను ఈ భేదము బయటపడదు. చదివి గ్రహించుటకు చాలిన జ్ఞానమును, వ్రాసి పలుకుటకు కావలసిన జ్ఞానమును వేర్వేరని భాషాబోధకులు విభజించుట ఇందువలననే.

శబ్దార్థసంబంధమును బాలుడెట్లు గ్రహించునను ప్రశ్న మన దేశమున నైయాయికులును మీమాంసకులును తరతరములుగా చర్చించినదే. శక్తిగ్రహమునకు వ్యాకరణము, ఉపమానము, కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము, వాక్యశేషము, వివరణము, సిద్ధపదసాన్నిధ్యము అను ఎనిమిది సాధనములను మన శాస్త్రకారులు పేర్కొనిరి. ఇందు కోశమును వివరణమును నేటి నిర్వచనమునకు సరిపోవును. వాక్యశేషమును సిద్ధపదసాన్నిధ్యమును ఉదాహరణవాక్యము చేయు పనినే చేయును. మామిడిచెట్టుపై పికము మధురముగా కూయుచున్నదని విన్నవాడు, పికమన నేమో యెరుగకున్నను, మామిడిచెట్టు, మాధుర్యము, కూత అను తెలిసిన మాటల చేరువచేత అది కోయిలయని యూహించుకొనును. యవలతో చరువును వండవలెనను విధివాక్యమునందలి యవశబ్దమునకు ఒకరొక ధాన్యమును మరియొకరు వేరొక ధాన్యమును అర్థముగా గైకొనగా, ఇతర సస్యములు వాడిపోవు కాలమున ఇవి కళకళలాడుచుండునను వాక్యశేషమువలన ఆ వివాదము తీరినదని మీమాంసకులు చెప్పుదురు. వ్యవహారమన్నది ఇంకను విలువైనది. పెద్దవాడు ‘గోవును దెమ్ము’ అనగా సేవకుడు ఒక జంతువును తెచ్చును. ‘గోవును గట్టుము’, ‘అశ్వమును దెమ్ము’ అనగా క్రియలు మారును. ప్రక్కన నిలిచి చూచు బాలుడు ఏ మాట మారినప్పుడు ఏ వస్తువు మారినదో, ఏ పని మారినదో కనిపెట్టి, ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క అర్థమును విడదీసికొనును. ఒకే పదమునకు ఒక్క వాక్యము చాలదు, పలువాక్యములు కావలెనను నేటి సూత్రమునకు ఇంతకంటె స్పష్టమైన ఉపపత్తిని పాశ్చాత్య గ్రంథములలో నేను చూడలేదు.

నిఘంటువులలో నిర్వచనము పుట్టుక

ఆంగ్లపదములకు ఆంగ్లముననే అర్థములు చెప్పిన మొదటి నిఘంటువుగా గణింపబడునది రాబర్ట్ కాడ్రీ యను బడిపంతులు 1604లో వెలువరించిన చిన్నపుస్తకము. సుమారు 2,500 పదములు గల ఆ గ్రంథము లాటిను, గ్రీకు, హీబ్రూ, ఫ్రెంచి భాషల నుండి వచ్చి చేరిన కఠినపదములకు మాత్రమే తేలికమాటలలో అర్థమిచ్చును. చదువుకొనుట కవకాశము చిక్కని కులీనస్త్రీలకును ఇతరులకును ఉపకరించుటకై రచింపబడినదని దాని ముఖపత్రమే చెప్పుచున్నది. కుక్క, ఇల్లు, నడచుట వంటి నిత్యవ్యవహారపదములు నిఘంటువులలో చోటు గొనుట 1702లో వెలువడిన, జాన్ కెర్సీ రచనగా ఎన్నబడు నిఘంటువుతో మొదలైనది. 1721లో నేథన్ బెయిలీ వెలువరించిన నిఘంటువు సుమారు 40,000 పదములతో బహుజనాదరము పొందెను. ఐతే వీనిలో నెందును వాక్యప్రయోగము ప్రధానస్థానము నలంకరింపలేదు. పదమునకు ప్రతిపదము చెప్పుటతోనే కోశకారుని పని తీరెడిది.

1755లో శామ్యూల్ జాన్సన్ రెండు సంపుటములుగా ప్రకటించిన మహానిఘంటువుతో ఈ స్థితి మారినది. 1746లో పుస్తకవిక్రేతలతో ఒడంబడిక గావించుకొని, ఆరుగురు లేఖకుల సాహాయ్యముతో ఆయన గ్రంథములను చదువుచు, తనకు నచ్చిన వాక్యముల క్రింద సీసపుకలముతో గీతలు గీయగా, లేఖకులు వానిని కాగితపుముక్కలపై ఎత్తి వ్రాసిరి. అట్లు సమకూడిన సుమారు 1,14,000 ఉదాహరణములు సుమారు 42,000 పదముల క్రింద చేర్చబడినవి. ఒక్కొక్క పదమునకు అర్థభేదములను సంఖ్యలచే విడదీసి, ప్రతి యర్థమునకును మహాకవుల, గద్యకారుల రచనలనుండి ప్రయోగమును జూపుట జాన్సను గావించిన మహోపకారము. ఐనను ఆ ప్రయోగములు పదము శిష్టసమ్మతమని నిరూపించుటకును, పాఠకునకు నీతిని సాహిత్యాభిరుచిని కలిగించుటకును చేర్చినవే కాని, అర్థము తెలియనివానికి తెలియజేయుటకు చేర్చినవి కావు. నిర్వచనముల విషయమున ఆయన ప్రతిభ యెంతటిదో ఆయన చాదస్తమును అంతటిదే. వలవంటి అల్లికకు గల సామాన్యమైన ఇంగ్లీషుమాటను వివరింపబోయి, ఆ మాటకంటె అనేకగుణములు కఠినములైన నాలుగు లాటిను పదములను ఒక్క పంక్తిలో గ్రుచ్చిన ఆయన నిర్వచనము నేటికిని నిఘంటుకారుల గోష్ఠులలో పరిహాసాస్పదమై నిలిచియున్నది.

నిర్వచనము అక్కరయే లేదనువాడును ఒకడు పుట్టెను. చార్లెస్ రిచర్డ్‌సన్ 1836-37 ప్రాంతమున ప్రకటించిన నిఘంటువులో నిర్వచనములను దాదాపుగా త్యజించి, పదముల వ్యుత్పత్తిని జెప్పి, కాలక్రమమున ప్రయోగములను పేర్చి, అర్థమును పాఠకుడే ఏరుకొనవలెనని విడిచెను. సామాన్యపాఠకునకు ఆ గ్రంథము అరణ్యప్రాయమయ్యెను. కాని కాలక్రమానుగతములైన ప్రయోగములే పదచరిత్రకు ఆధారమను భావము దానినుండి బలపడి, 1857లో లండను భాషాశాస్త్రసంఘమున అంకురించిన ఆలోచనకు దోహదమై, తుదకు ఆక్స్‌ఫర్డు మహానిఘంటువుగా ఫలించినది. 1879లో జేమ్స్ మరే సంపాదకత్వమును వహింపగా, 1884లో మొదటి భాగము వెలువడి, 1928లో గ్రంథము సంపూర్ణమైనది. ప్రధానోపపదములు కలసి 4,14,825, ప్రయోగోదాహరణములు 18,27,306. భాషాచరిత్రకు ఇట్టి భాండాగారము మరియొకటి లేదు. కాని మెట్రిక్యులేషను తరగతిలో ఇంగ్లీషు నేర్చుకొను బాలునకు దానివలన ప్రయోజనమేమి? పదునాల్గవ శతాబ్దినాటి కవి ఒక క్రియను వాడిన తీరు తెలిసినంత మాత్రమున, తాను రేపు వ్రాయవలసిన ఉత్తరమున ఆ క్రియ నెట్లు వాడవలెనో వానికి తెలియదు.

నిర్వచనదోషములు

లక్షణమునకు అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అని మూడు దోషములను మన తార్కికులు చెప్పిరి. ఆంగ్లనిఘంటువులలో మొదటి రెండును అడుగడుగున కనబడును. జాతిని ముందు చెప్పి, వ్యావర్తకధర్మమును పిమ్మట చెప్పుట నిర్వచనపద్ధతి. గృహోపకరణములకును జంతువులకును ఈ పద్ధతి బాగుగనే సరిపోవును గాని, మనోభావములకును క్రియలకును సరిపోవుట కష్టము. కఠినపదమును అంతకంటె కఠినపదములతో చెప్పుట ఒక దోషము. ధైర్యమునకు శౌర్యమనియు, శౌర్యమునకు ధైర్యమనియు చెప్పి పాఠకుని గానుగెద్దువలె త్రిప్పు అన్యోన్యాశ్రయము మరియొక దోషము.

నిర్వచనమొక్కటియే యిచ్చినచో బాలురు దాని నెట్లు గ్రహింతురో జార్జి మిల్లర్, పెట్రీషియా గిల్డియా అను అమెరికను మనశ్శాస్త్రజ్ఞులు 1987లో ప్రకటించిన వ్యాసమున వినోదకరముగా నిరూపించిరి. నదీజలము గట్టును కొద్దికొద్దిగా కోసివేయుటను తెలుపు ‘ఎరోడ్’ అను క్రియకు నిఘంటువులో ‘తినివేయు’ అను నర్థమిచ్చు మాట కనబడగా, ఒక బాలుడు తన కుటుంబము తరచుగా బయట భోజనము చేయునను నర్థమున ఆ క్రియను ప్రయోగించెను. ప్రేరేపించుటకు ‘కదల్చు’ అను పర్యాయము చూచిన మరియొకడు, ఒకానొక గృహిణి పులుసును ప్రేరేపించెనని వ్రాసెను. ఆ బాలురు మందబుద్ధులు కారు. నిర్వచనమునందు తమకు తెలిసిన ముక్క నొకదానిని పట్టుకొని, దానితో వాక్యము నల్లుకొని, తెలిసిన మాటను తీసి ఆ స్థానమున కొత్త మాటను కూర్చుండబెట్టిరి. నిర్వచనము అతివ్యాప్తమైనపుడు బుద్ధిమంతుడును చేయగలిగిన దదియే.

ఢాకా, టోకియోలు

ఇక విద్యార్థినిఘంటువుల పుట్టుక. మైకేల్ వెస్ట్ అను ఆంగ్లేయుడు భారతీయ విద్యాశాఖలో ఉద్యోగియై వంగదేశమున ఢాకా ఉపాధ్యాయ శిక్షణకళాశాలకు అధ్యక్షుడుగా నుండెను. వంగబాలురు ఏండ్ల తరబడి ఇంగ్లీషు చదివియు ఒక్క పుస్తకమును సుఖముగా చదువలేకపోవుటయు, అనేకులు చదువును నడుమనే విడిచి, నేర్చిన కొంచెమును నిరుపయోగము చేసికొనుటయు ఆయనను కలచివేసెను. మధ్యలో మానినవానికిని చేతికి కొంత మిగులవలెననియు, అందుకు మాట్లాడుట కంటె చదువుట ముందు నేర్పవలెననియు వాదించుచు, 1926లో వంగదేశపు ద్విభాషాస్థితిని గూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, ఆ సిద్ధాంతము ననుసరించి వాచకములను రచించెను. ఆ వాచకములలో కొత్తపదములు గుంపులుగా వచ్చి మీద పడవు; ఒక్కొక్కటిగా వచ్చి, మరల మరల కనబడుచు, పరిచితములై పోవును.

ఈ వాచకానుభవమే 1935లో జేమ్స్ ఎండికాట్ అను కెనడా మతప్రచారకుని తోడ్పాటుతో వెస్ట్ ప్రకటించిన నిఘంటువునకు మూలము. అందు పదములును జాతీయములును కలిసి సుమారు 24,000 అంశములు వివరింపబడినవి. ఆ వివరణలకు వాడిన పదములు 1,490 మాత్రమే. ఆ కొలదిపదములు తెలిసినవాడు గ్రంథమంతటిని ఇతరుల సాహాయ్యము లేక చదువుకొనవచ్చును. ఈ నియమము సామాన్యమైనది కాదు. వివరణకు వాడదగిన పదములను ముందుగా ఎన్నుకొని, ఆ గీతను దాటకుండ ఇరువదినాలుగువేల అంశములను వివరించుట ఛందోబద్ధరచనవంటి నియమనిష్ఠ నపేక్షించును. ఇంచుమించు ఆ కాలముననే సి. కె. ఆగ్డెన్ 850 పదముల ‘బేసిక్ ఇంగ్లీషు’ను 1930లో ప్రకటించియుండెను, కాని ఆయన యుద్దేశము ఆ పదములతోనే లోకవ్యవహారమును నడుపుట, వెస్ట్ ఉద్దేశము వానిని మెట్లుగా జేసికొని విద్యార్థిని పైకి చేర్చుట. 1953లో వెస్ట్ సంపాదకత్వమున వెలువడిన, ఇంచుమించు 2,000 పదములు గల సాధారణోపయోగపదసూచి అనంతర కాలపు వాచకములకును నిఘంటువులకును పునాదియైనది. అందు ఒక్కొక్క పదమునకు ఒక్కొక్క యర్థము నూటికెన్నిమారులు ప్రయుక్తమగునో లెక్కగూడ నిచ్చిరి.

జపానున జరిగిన పని వేరు విధమైనది. హెరాల్డ్ పామర్ 1922లో టోకియో చేరి, మరుసటి యేట ఆంగ్లబోధనపరిశోధనాలయమును స్థాపించెను. పామర్ దృష్టి పదముల సంఖ్యపైకంటె వాని సహవాసముపై, వాక్యనిర్మాణముపై నిలిచినది. 1924లో ఓయిటా పట్టణమున కళాశాలాధ్యాపకుడుగా చేరిన ఎ. ఎస్. హార్న్‌బీ ఆయనకు కుడిభుజమై, పదసాహచర్యముల సేకరణమును నిర్వహించెను. జపానువిద్యార్థులు నిర్వచనములను చదివి యర్థము నెరిగియు, వాక్యమున ఆ పదమును వాడబోయినపుడు తప్పటడుగు వేయుచుండిరి. దీనికి కారణము అర్థజ్ఞానలోపము కాదనియు, ఒక్కొక్క క్రియ ఎట్టి వాక్యచట్రమున నిలుచునో తెలియకపోవుట యనియు గ్రహించి, హార్న్‌బీ ఆంగ్లక్రియలను 25 వాక్యచట్రములుగా వర్గీకరించెను. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డులతో కలసి ఆయన కూర్చిన నిఘంటువు 1942లో, ఇంగ్లండు జపానుల నడుమ యుద్ధము చెలరేగుచుండగనే, టోకియోలో కైతకుష వారిచే ముద్రితమైనది. శత్రుదేశీయుని కృతియే అయినను జపానుప్రచురణకర్త దానిని వెలువరించుట విద్యాచరిత్రలో స్మరణీయము. యుద్ధానంతరము 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయము వారు దానిని పునర్ముద్రించిరి. 1952లో మార్చిన పేరులో చేరిన ‘అడ్వాన్స్డ్ లర్నర్స్’ అను మాటలే భారతదేశపు కళాశాలావిద్యార్థులకు చిరపరిచితములైనవి.

ఈ నిఘంటువులో ప్రతి క్రియకును దాని చట్రసంఖ్య నిచ్చి, ఆ చట్రమునకు నిదర్శనముగా కోశకారుడే కల్పించిన చిన్న వాక్యమును చేర్చిరి. జాన్సనునాటి మహాకవివాక్యము పోయి, ఇంటిలోను బజారులోను వినబడు వాక్యము దాని చోటికి వచ్చెను. ఉదాహరణము నిర్వచనమునకు అలంకారముగాక సమానప్రతిపత్తి గల భాగస్వామి యగుట ఇక్కడినుండియే. 1978లో పాల్ ప్రాక్టర్ సంపాదకత్వమున లాంగ్‌మన్ వారు ప్రకటించిన సమకాలీనాంగ్లనిఘంటువు ఢాకాను టోకియోతో మేళవించినది: ఇంచుమించు 2,000 పదముల పరిమితిలో నిర్వచనములును, విపులమైన వ్యాకరణసంకేతములును, అనేకోదాహరణములును అందు గలవు. పరిమితపదములతో చెప్పుటయందు గల బాధ ఏమనగా, ఒక్కమాటలో తేలవలసినది మూడు మాటలై సాగును. ఒకప్పుడు అర్థము మసకబారును. వృక్షములకు, వాద్యములకు, వ్యాధులకు గల పేర్ల విషయమున ఇది స్పష్టముగా కనబడును.

ఉదాహరణము: కల్పితమా, వాస్తవమా?

1980లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమున జాన్ సింక్లేర్ నాయకత్వమున, కాలిన్స్ ప్రచురణసంస్థ పోషణమున ఆరంభమైన కోబిల్డ్ ప్రణాళిక ఈ చర్చను కొత్త మలుపు త్రిప్పినది. పత్రికలు, గ్రంథములు, సంభాషణములు మొదలగువాని నుండి లక్షలకొలది వాక్యములను కంప్యూటరునకు ఎక్కించి, పదము నడుమ నిలుచునట్లు పంక్తులను వరుసగా పేర్చి చూచినపుడు, కోశకారుల బుద్ధికి ఏనాడును తట్టని విశేషములు గోచరించినవి. ‘సెట్ ఇన్’ అను క్రియకు ‘ఆరంభమై కొంతకాలము నిలుచు’ అని నిఘంటువులు చెప్పుచుండెను. పంక్తులను చూడగా, ఆ విధముగా ఆరంభమగునవి కుళ్ళు, క్షయము, నైరాశ్యము వంటి అశుభములే యని తేలినది. శుభమేదియు ఆ క్రియకు కర్తయగుట అరుదు. నిర్వచనమున పట్టువడక, వాక్యసముదాయమున మాత్రమే పట్టువడు ఇట్టి ధ్వనివిశేషము పదజ్ఞానమున ఎంత ముఖ్యమైనదో చెప్పనక్కరలేదు.

1987లో వెలువడిన కోబిల్డ్ నిఘంటువు రెండు నూతనమార్గములను త్రొక్కినది. నిర్వచనమునే సంపూర్ణవాక్యముగా వ్రాయుట మొదటిది: ఒకడు ఇట్టి పని చేసినచో అతడు ఇట్లు చేసినట్లు అని పదమును దాని సహజపరిసరమున నిలిపి చెప్పుటచేత, నిర్వచనమే ఉదాహరణముగా పరిణమించును. ఉదాహరణములను కల్పింపక, వాడుకలోనుండి యథాతథముగా గ్రహించుట రెండవది. మొదటిదానిని అందరును మెచ్చిరి, అది చోటు నెక్కువగా ఆక్రమించునను ఆక్షేపణ తప్ప. రెండవదానిపై వాదము చెలరేగినది. వాడుకనుండి తెగగోసిన వాక్యమున అపరిచితవ్యక్తుల పేర్లు, తెలియని ప్రసంగములు చొరబడి, నేర్చుకొనదలచిన పదముకంటె దాని పరిసరములే దుర్బోధములగును. హైఫా విశ్వవిద్యాలయపు బాటియా లౌఫర్ 1992లో ప్రకటించిన పరిశోధనలో, అర్థమును గ్రహించుటకు కోశకారుడు కల్పించిన వాక్యములే ఎక్కువ తోడ్పడినట్లు తేలినది. నా యభిప్రాయమున ఈ వాదము కొంత నిరర్థకము. కల్పితమైనను వాస్తవమైనను వాక్యము చేయవలసిన పని చేయుచున్నదా లేదా యనునదే ప్రశ్న.

ఆ పనిని బట్టి వాక్యములలో భేదములు గలవు. ఐసబెల్ బెక్, మార్గరెట్ మెక్‌కియన్ మొదలగు అమెరికను విద్యాశాస్త్రజ్ఞులు 1983లో వాక్యసందర్భములను నాలుగు విధములుగా విభజించిరి: అర్థమునకు సూటిగా త్రోవజూపునవి, స్థూలముగా మాత్రము సూచించునవి, ఏమియు సూచింపనివి, తప్పుత్రోవ పట్టించునవి. ‘రాముడు రిలక్టెంటుగా ఉండెను’ అనువాక్యము మూడవ తరగతికి జెందును. రాముడు సంతోషముతో నుండెనో, జ్వరముతో నుండెనో దానివలన తెలియదు. ‘తన పొలమును అమ్ముటకు రిలక్టెంటైనను, కూతురి పెండ్లికై రాముడు తుదకు సంతకము చేసెను’ అనునపుడు అయిష్టత దానంతట వెల్లడియగును. మన దేశపు బజారుపుస్తకములలో పదముల క్రింద అచ్చగు వాక్యములు అధికభాగము మొదటి వాక్యమునకు తోబుట్టువులు.

సందర్భమును మాత్రమే నమ్ముకొన్నను ప్రమాదమే. చదువుచుండగా ఒక్కసారి తటస్థించిన అపరిచితపదము నేర్వబడుటకు గల అవకాశము సుమారు ఇరువదింట ఒకటి మాత్రమేనని విలియమ్ నేగీ మొదలగువారు 1987లో లెక్కగట్టిరి. పాఠమున నూటికి 98 పదములు ముందుగా తెలిసియున్న గాని సుఖముగా గ్రహింపజాలమని న్యూజిలాండు పండితుడు పాల్ నేషన్ మరియొకరితో కలసి 2000లో ప్రతిపాదించెను. అనగా ఏబది మాటలకు ఒక్క కొత్తమాట. అంతకు మించినచో తెలిసిన మాటల చేరువయే కరవగును. సిద్ధపదములు లేనిచోట సిద్ధపదసాన్నిధ్యమెక్కడిది?

తెలుగువారి మార్గము

తెలుగువారికి ఆంగ్లపదార్జన సాధనములు ద్విభాషానిఘంటువులతో ప్రారంభమైనవి. ఎ. డి. కేంబెల్ 1821లో తెలుగునిఘంటువును ప్రకటింపగా, సి. పి. బ్రౌన్ 1852లో మదరాసున వెలువరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు దానిని మించినది. తెలుగుపదమునకు ఇంగ్లీషున అర్థము జెప్పి, కావ్యములనుండియు వాడుకనుండియు ప్రయోగములను చేర్చుటలో ఆయన జాన్సనుమార్గము ననుసరించెను. ఆంగ్లేయునకు తెలుగు నేర్పుటకు ఉద్దేశింపబడిన ఈ సామగ్రి తెలుగువానికి ఇంగ్లీషు నేర్పుటకును పనికివచ్చినది. బ్రౌన్ ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును, పిమ్మట పి. శంకరనారాయణ కూర్చిన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువును తెలుగునాట వకీళ్ళకు, గుమాస్తాలకు, విద్యార్థులకు చిరకాలము చేయూతనిచ్చినవి. ఇంగ్లీషుపదమునకు ఇంగ్లీషుననే అర్థము చూడవలెనని శఠించు ఉపాధ్యాయులు కొందరు ఇట్టి నిఘంటువులను తృణీకరింతురు. అది యుక్తము కాదు. ‘గౌట్’ అను రోగమునకు ఇంగ్లీషున మూడు పంక్తుల వివరణము చదువుటకంటె ఒక్క తెలుగుమాటతో పని నెరవేరును. ప్రారంభదశలో బాలునకు మాతృభాషార్థమే శీఘ్రోపకారి. చిక్కు ఎచ్చటనన, తెలుగుమాట తనతోకూడ తెలుగువిభక్తిని వెంటబెట్టుకొని వచ్చును. దేనిని ‘గురించి’ చర్చింతుమో దానికి ముందు ‘అబౌట్’ చేర్చి ‘డిస్కస్ అబౌట్’ అనుటయు, ఒకరి‘తో’ వివాహమగుటచే ‘మ్యారీడ్ విత్’ అనుటయు, ‘నాకు వివరింపుము’ అనుటకు ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అనుటయు మన విద్యార్థులలో ఎంత సామాన్యములో ఉపాధ్యాయులెల్ల నెరుగుదురు. ఈ తప్పులను నిర్వచనము ఎన్నటికి దిద్దలేదు. హార్న్‌బీ చట్రములు, వాని క్రింది వాక్యములు ఈ రోగమునకే మందు. 1958లో హైదరాబాదున స్థాపితమై, తరువాత విశ్వవిద్యాలయముగా పరిణమించిన కేంద్రీయాంగ్లసంస్థ ఇట్టి బోధనపద్ధతులలో ఉపాధ్యాయులకు శిక్షణ నొసగుచు వచ్చినది.

ధారణము, పదశక్తి గ్రంథములు

ఒకసారి తెలిసికొన్న పదము నిలుచుట వేరు సంగతి. హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1885లో నిరర్థకాక్షరములను తానే వల్లించి, విస్మృతి మొదట వేగముగను పిమ్మట మందముగను సాగుననియు, ఎడమిచ్చి చేసిన ఆవృత్తి ఏకధాటిగా చేసిన ఆవృత్తికంటె మేలనియు నిరూపించెను. 1972లో జర్మనుభాషలో గ్రంథము వ్రాసిన సెబాస్టియన్ లైట్నర్, అరలు గల పెట్టెయందు చీట్ల నుంచి, తెలిసినదానిని ముందరకును మరచినదానిని మొదటి అరకును జరుపు ఉపాయమును ప్రచారమునకు తెచ్చెను. నేటి సెల్‌ఫోన్‌ పదాభ్యాసములకు ఆ పెట్టెయే మాతృక. చీటీ వెనుక వ్రాయునది నిర్వచనమొక్కటియే యైనచో పదము జాబితాలో నిలుచును గాని నాలుకకు రాదు. ఖాళీ విడిచిన వాక్యమును ముందువైపున వ్రాసికొనువారు మేలు చేసికొందురు.

అమెరికాలో 1934లో జాన్సన్ ఓకానర్ పదసంపదకును జీవితవిజయమునకును సంబంధమున్నదని వ్రాయగా, పదములు నేర్చినవాడెల్ల పైకి వచ్చునని జనులు నమ్మిరి. సంబంధము వేరు, కారణత్వము వేరనుట ఎవరికిని పట్టలేదు. ఆ నమ్మకముపై ఒక వ్యాపారమే వెలసినది. 1945లో రీడర్స్ డైజెస్ట్ పత్రికలో విల్ఫ్రెడ్ ఫంక్ పదశక్తి శీర్షికను ఆరంభించెను. 1949లో నార్మన్ లూయిస్ ప్రకటించిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ లాటిను గ్రీకు ధాతువులనుండి పదకుటుంబములను విస్తరించి చూపును. భారతదేశపు కాలిబాట పుస్తకదుకాణములలో అది లేని దుకాణము అరుదు. ధాతుమార్గము సంస్కృతవ్యుత్పత్తి రుచి తెలిసినవారికి ఆకర్షకమే. కాని ధాత్వర్థము వర్తమానార్థమునకు జామీను కాదు.

అమెరికా విశ్వవిద్యాలయములలో ఉన్నతవిద్య కోరు తెలుగు యువకులకు పదాభ్యాసము జీవనోపాయమైనది. జి.ఆర్.ఇ. పరీక్షలో విపరీతార్థకములు, పదసామ్యములు అను ప్రశ్నలు ఉన్నంతకాలము, బారన్స్ వారి 3,500 పదముల జాబితాను అకారాదిగా వల్లించుట హైదరాబాదు శిక్షణకేంద్రములలో నిత్యకృత్యమై యుండెను. ఒక పదమునకు ఒక పర్యాయము చాలునను అమరకోశాభ్యాసపు ధోరణి అది. అమరమునకు ఛందస్సైనను తోడుండెను, ఈ జాబితాకు అదియు లేదు. 2011 ఆగస్టునుండి పరీక్షాధికారులు ఆ రెండు రకముల ప్రశ్నలను తొలగించిరి. వాని స్థానమున వచ్చినవానిలో ఒకదానియందు ఒక్క ఖాళీ గల వాక్యమును, దాని క్రింద ఆరు పదములను ఇత్తురు. వాక్యము సంపూర్ణమగుటయే గాక ఒకే తాత్పర్యము వచ్చునట్లు రెండు పదములను ఎన్నవలెను. ఒకటి సరియై మరియొకటి తప్పైనచో మార్కు రాదు. పర్యాయములైన జంటలు ఆ యారింటిలో వాక్యమునకు పొసగనివియు ఉండుట కద్దు గనుక, జాబితాను మాత్రమే కంఠస్థము చేసినవాడు అట్టి జంటనే ఎన్నుకొనును.